ఇంట్లో ఆదాయం పడిపోయింది, పదహారేళ్ల అబ్బాయి ఖర్చు మాత్రం తగ్గడం లేదు: ఎలా చెప్పాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మాంద్యం వల్ల మీవారి ఉద్యోగం పోయి ఐదు నెలలైంది. మీ ఒక్కరి జీతం మీద ఇల్లు నడుస్తోంది. పిల్లలకు సంగతి పూర్తిగా చెప్పలేదు, "కొన్నాళ్లు కాస్త జాగ్రత్తగా ఉండాలి" అని మాత్రం అన్నారు. పదహారేళ్ల అబ్బాయి ఫోన్‌లో ఆటల మీద, బూట్ల మీద, స్నేహితులతో తిరగడం మీద ఎప్పటిలాగే ఖర్చు పెడుతున్నాడు. అడిగితే గొడవ. పదమూడేళ్ల అమ్మాయి గురించి ఒక్క వాక్యం రాశారు: "అది బంగారం, ఏదీ అడగడమే మానేసింది." అబ్బాయికి పొదుపు ఎలా నేర్పాలి, సెలవుల్లో ఏదైనా పని చేస్తానంటే ఒప్పుకోవాలా అని అడిగారు.

సూటిగా చెప్తాను. వాడికి ఇంటి లెక్క చూపించండి. వాడి వంతు డబ్బు వాడి చేతికే ఇచ్చి, అది అయిపోతే మళ్లీ ఇవ్వకండి. ఈ రెండూ కలిపే చేయాలి. లెక్క చూపించకుండా డబ్బు తగ్గిస్తే వాడికది శిక్షలా ఉంటుంది. లెక్క చూపించి కూడా అడిగినప్పుడల్లా ఇస్తూ పోతే ఆ లెక్కను వాడు నమ్మడు. సెలవుల్లో పని గురించి, అమ్మాయి గురించి కింద విడిగా రాస్తాను. నిజానికి మీరు రాసినదంతటిలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది అమ్మాయి గురించిన ఆ ఒక్క వాక్యమే.

నేను ఇరవై రెండేళ్లుగా ఆదాయం పడిపోయిన కుటుంబాలతో, అప్పుల్లో చిక్కుకున్న కుటుంబాలతో కూర్చుని ఇంటి బడ్జెట్ సరిచేసే పని చేస్తున్నాను. 2008 తర్వాతి మాంద్యంలోనూ, 2020లోనూ నా దగ్గరికి వచ్చిన వాళ్లలో చాలామంది ఇళ్లల్లో టీనేజీ పిల్లలు ఉన్నారు. ఇక్కడ రాసేదాంట్లో ఎక్కువ భాగం వాళ్ల దగ్గర చూసిందే.

ముందు, ఎందుకు చెప్పాలో. "కాస్త జాగ్రత్తగా ఉండాలి" అన్న మాటలో పిల్లవాడికి పనికొచ్చే సమాచారం ఏమీ లేదు. ఎంత జాగ్రత్త? ఎన్నాళ్లు? దేనిలో? వాడి కళ్లకు కనిపించేది చూడండి. లైట్లు వెలుగుతున్నాయి, నెట్ వస్తోంది, వేళకు భోజనం ఉంటోంది, ఫీజు కట్టేశారు. రాత్రి పన్నెండింటికి మీరు కూర్చుని లెక్కలేసుకోవడం వాడు చూడలేదు. కష్టం వాడిదాకా రానివ్వకుండా మీరు అంత గట్టిగా అడ్డం నిలబడ్డారు. దాని ఫలితమే వాడి ఖర్చు. వాడికి తెలిసినంతలో వాడు తప్పు చేయడం లేదు.

నా సంగతే చెప్తాను. నా పద్నాలుగో ఏట మా నాన్న పనిచేసే చోటు మూతపడింది. మాకు ఎవరూ చెప్పలేదు. నేను గదిలోకి వెళ్లేసరికి అమ్మా నాన్నా మాట మార్చేసేవారు. ఇంట్లో ఏదో జరుగుతోందని తెలుస్తోంది, ఏమిటో తెలియదు. నాన్నకు పెద్ద జబ్బేదో వచ్చిందని నాకు నేనే అనుకుని, నాలుగు నెలలు ఆ భయంతోనే పడుకున్నాను. ఆ నాలుగు నెలల్లోనే స్కూలు వాళ్లు విహారయాత్ర పెడితే, డబ్బు కట్టాల్సిందేనని ఏడ్చి పట్టుబట్టాను. అమ్మ కట్టింది. ఎక్కడి నుంచి తెచ్చి కట్టిందో చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఇప్పటికీ అది తలుచుకుంటే మనసు బాగుండదు. ఒక్క మాట చెప్పి ఉంటే ఆ యాత్ర అడిగేదాన్నే కాదు.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. 1980లలో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో వ్యవసాయం దెబ్బతిని ఎన్నో కుటుంబాలు కుదేలయ్యాయి. రాండ్ కాంగర్ అనే పరిశోధకుడి బృందం అక్కడ 1989 నుంచి 451 కుటుంబాలను ఏళ్ల తరబడి దగ్గరగా గమనించింది. వాళ్లు చూసిందేమిటంటే, డబ్బు కొరత పిల్లల్ని చాలావరకు తల్లిదండ్రుల ద్వారానే తాకుతుంది. ఒత్తిడి వల్ల పెద్దవాళ్లు కుంగిపోవడం, భార్యాభర్తలు గొడవపడటం, పిల్లల మీద విసుక్కోవడం, వీటి దారిలో వచ్చి తాకుతుంది. లెక్క దాచగలం గానీ చిరాకు దాచలేం కదా. కారణం తెలియని చిరాకు పిల్లలకు ఇంకా కష్టం.

ఎలా చెప్పాలంటే, ఒక సెలవు రోజు గంటసేపు, ఫోన్లు పక్కన పెట్టి, లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని కూర్చోండి. మీరు చదివి వినిపించకండి. పెన్సిల్ వాడి చేతికివ్వండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ చాలా తేడా వస్తుంది.

ఒక కుటుంబం దగ్గర జరిగింది చెప్తాను. అబ్బాయికి పదిహేడేళ్లు, వచ్చినప్పటి నుంచి గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. తండ్రి పుస్తకం తెరిచి మొదలుపెట్టబోతే ఆపి, పుస్తకాన్ని అబ్బాయి ముందుకు జరిపాను. కాసేపటికి వాడు పెన్సిల్ మొనతో ఒక్కో పద్దు దిగుతూ వచ్చాడు. అద్దె దగ్గర ఆగి "ఇంతా?" అన్నాడు. ఇన్సూరెన్స్ అని ఉన్నచోట అదేంటని అడిగి చెప్పించుకున్నాడు. జీతం పడిన నాలుగో రోజుకే మూడొంతుల్లో రెండొంతులు వెళ్లిపోయినట్టు కనిపించింది. పెన్సిల్ కింద పెట్టి, "మరి మిగతా నెలంతా ఎలా?" అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. తల్లి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. కాసేపాగి వాడే మళ్లీ పెన్సిల్ తీసుకుని ఒక పద్దు కింద గీత గీశాడు. ఇంట్లో ఎవరూ చూడని ఒక వీడియో సర్వీసు, ఏడాదిన్నరగా నెలనెలా దానికి డబ్బు కట్ అవుతోంది. పెద్దవాళ్లిద్దరికీ అది ఉందన్న సంగతే గుర్తులేదు. "ఇది ఇప్పుడే ఆపేస్తా" అని ఫోన్ అడిగి తీసుకున్నాడు. అప్పటిదాకా వాళ్లింట్లో ఖర్చు గురించిన ప్రతి మాటా వాడి మీద నింద. ఆ రోజు మొదటిసారి వాడు అటువైపు నుంచి ఇటువైపుకి వచ్చి కూర్చున్నాడు.

చెప్పాల్సినవి: నెలకు ఎంత వస్తోంది, తప్పని ఖర్చులు ఏవి, మిగిలేది ఎంత, దాచినది ఎన్ని నెలలకు వస్తుంది, ఉద్యోగం కోసం నాన్న ఏం చేస్తున్నారు. చెప్పకూడనివి కూడా ఉన్నాయి. బంధువుల మీద నిష్ఠూరాలు, "మీ నాన్న అప్పుడే నా మాట విని ఉంటే" లాంటివి, రాత్రిపూట మీకొచ్చే భయాలు. అవి మీరిద్దరూ మోసుకోవాల్సినవి. ఇంకొక్క విషయం, చాలామంది మర్చిపోయేది: బయట ఏం చెప్పాలో వాడితో మాట్లాడుకోండి. స్నేహితులు అడిగితే ఏమనాలన్నదే ఆ వయసులో అన్నిటికన్నా పెద్ద టెన్షన్. "ఈ ఏడాది ఇంట్లో ఖర్చులు తగ్గించుకుంటున్నాం" అన్న ఒక్క మాట ముందే అనుకుని పెట్టుకుంటే చాలు.

ఇక వాడు తెలిసి కూడా ఎందుకు ఆగలేడు అన్నది. ఈ వయసులో మెదడులో సంతోషానికీ కొత్తదనానికీ స్పందించే భాగం జోరుమీద ఉంటుంది. ఆగు, ఆలోచించు అని చెప్పే భాగం పూర్తిగా కుదురుకునేది ఇరవైలు సగం దాటాకే. దీనికి తోడు స్నేహితులు. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. 13 నుంచి 16 ఏళ్ల వాళ్లతో, ఆ పై వయసు వాళ్లతో, పెద్దవాళ్లతో కంప్యూటర్ మీద ఒక కారు ఆట ఆడించారు. ఒంటరిగా ఆడినప్పుడు వయసుల మధ్య పెద్ద తేడా లేదు. స్నేహితులు పక్కన చూస్తున్నప్పుడు మాత్రం చిన్నవాళ్లు ఎక్కువ ప్రమాదానికి తెగించారు. పెద్దవాళ్ల తీరు దాదాపు మారలేదు. అది ఆటే అనుకోండి, కానీ కొనుగోళ్లలో నేను చూసేదీ సరిగ్గా ఇదే. అబ్బాయిలు చింతిస్తున్నామని నాతో చెప్పిన కొనుగోళ్లలో ఎక్కువ భాగం పక్కన నలుగురు ఉన్నప్పుడు చేసినవే.

అందుకని స్నేహితుల్ని మానేయమనకండి. అది జరిగే పని కాదు, జరగకూడదు కూడా. ఒకే ఒక్క నియమం పెట్టుకోమనండి: పెద్ద వస్తువేదైనా స్నేహితులతో వెళ్లి చూడొచ్చు, కొనేది మాత్రం ఒక రాత్రి నిద్రపోయి లేచాక. నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి దీన్నే కాస్త ముందుకు తీసుకెళ్లాడు. బయటికి వెళ్దామని అందరూ అనుకుంటుంటే, "నా దగ్గర లేవు, మా ఇంట్లో కూర్చుందాం" అన్నాడు. అనడానికి వారం రోజులు భయపడ్డాడట. తీరా అన్నాక గుంపులో ఇంకో ఇద్దరు వెంటనే సరే అన్నారు. వాళ్ల ఇళ్లల్లో కూడా అదే పరిస్థితి, ఎవరూ ముందు అనలేక ఊరుకున్నారు. మాంద్యం ఒక్క ఇంటికే రాదు కదా. మీ అబ్బాయి స్నేహితుల్లో కూడా అలాంటి వాళ్లు తప్పకుండా ఉంటారు.

ఇప్పుడు చేతి డబ్బు సంగతి. దీని మీద ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే ఎక్కువ ఇళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే.

గత మూడు నెలల్లో వాడి మీద నిజంగా ఎంతయిందో కూడండి. మీరిచ్చింది, మీ కార్డు మీద వాడు కొన్నది, ఫోన్ రీఛార్జి, తాతయ్యో బాబాయో చేతిలో పెట్టింది, అన్నీ. ఆ మొత్తాన్ని నెలకు 100 అనుకుందాం. మీ ఇప్పటి పరిస్థితిలో ఇవ్వగలిగింది 45 అయితే, ఆ 45 మొత్తం వాడి చేతికే ఇచ్చేయండి. దాంట్లోంచే రీఛార్జి, తిరుగుళ్లు, ఆటలు, స్నేహితుల పుట్టినరోజు కానుకలు, అవసరం దాటిన బట్టలు, బూట్లు. భోజనం, చదువు, మందులు, స్కూలుకు రాకపోకలు, ఇవి ఎప్పుడూ అందులో కలపకండి. అవి మీ బాధ్యతలే. పిల్లవాడు పుస్తకాల డబ్బుతో ఆటలాడేసే పరిస్థితి మీరే కల్పించకూడదు.

మొదటి రెండు నెలలు వారానికోసారి ఇవ్వండి, తర్వాత నెలకోసారి. వీలైతే నోట్లుగా ఇవ్వండి. దీనికి కారణం ఉంది. 2001లో డ్రేజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక మ్యాచ్ టికెట్లకు వేలంపాట పెట్టారు. కొందరిని నగదు కట్టాలన్నారు, కొందరిని కార్డుతో కట్టాలన్నారు. కార్డు వాళ్లు పాడిన ధర నగదు వాళ్ల కన్నా దాదాపు రెట్టింపు దాకా పోయింది. వాళ్లు పెద్దవాళ్లు. పదహారేళ్ల వాడి చేతిలో, ఫోన్ తెర మీద వేలు ఆనిస్తే అయిపోయే చెల్లింపు గురించి చెప్పేదేముంది. నగదు కుదరదనుకుంటే ఆ డబ్బు మాత్రమే ఉండే విడి ఖాతా పెట్టండి. మీ కార్డు వివరాలు వాడి ఫోన్‌లో దాచి ఉంటే ఈరోజే తీసేయండి.

నెల డబ్బంతా ఒకేసారి ఇచ్చిన మొదటి నెల వాడు పది రోజుల్లో అంతా ఖర్చు చేసేస్తాడు. చేయనివ్వండి. అప్పుడు మీరు తిట్టకుండా, జాలిపడి ఇవ్వకుండా మిగతా ఇరవై రోజులు గడపగలిగితే సగం పని అయిపోయినట్టే. ఇది పిల్లవాడి కన్నా తల్లికి కష్టం, నాకు తెలుసు. ఇంటికి దగ్గరివాళ్లకు కూడా ముందే చెప్పి ఉంచండి. చాటుగా చేతిలో డబ్బు పెట్టే ఒక్క బంధువు చాలు, మొత్తం నీరుగారిపోతుంది.

డబ్బు ఇచ్చే తేదీ మాత్రం తప్పకండి. ఒకటో తారీఖు అన్నారంటే ఒకటో తారీఖే, ఆ నెల తక్కువ ఇచ్చినా సరే. 2013లో వెలువడిన, సెలెస్ట్ కిడ్ అనే పరిశోధకురాలి అధ్యయనం ఒకటి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు 28 మంది. ముందు వాళ్లకు మంచి రంగులు తెచ్చిస్తామని మాటిచ్చారు. సగం మందికి తెచ్చిచ్చారు, సగం మందికి "లేవు, సారీ" అన్నారు. తర్వాత అందరి ముందూ ఒక మిఠాయి పెట్టి, తినకుండా పావుగంట ఆగితే రెండోది ఇస్తామన్నారు. మాట నిలబెట్టుకున్న వాళ్ల దగ్గర పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన వాళ్ల దగ్గర 3 నిమిషాలు. పిల్లలు చిన్నవాళ్లే, కానీ దీన్ని నేను ప్రతి తల్లిదండ్రులకూ చెప్తాను. దాచుకుంటే దాచుకున్నది రేపు తన చేతికే వస్తుందన్న నమ్మకం ఉంటేనే ఎవరైనా దాచుకుంటారు.

దీనికి సంబంధించిందే ఇంకొకటి. వాడు దాచుకున్న డబ్బు జోలికి వెళ్లకండి. చేయి ఆడనప్పుడు ముందుగా కళ్లు వెళ్లేది పిల్లల డబ్బు మీదకే, "మనదే కదా" అనిపిస్తుంది. ఒక ఇంట్లో అమ్మాయి రెండేళ్లు కూడబెట్టింది అడగకుండా తీసేశారు. తర్వాత తిరిగి ఇచ్చారు కూడా. కానీ ఆ అమ్మాయి మళ్లీ ఎప్పుడూ దాచలేదు, చేతికి వచ్చింది వచ్చినట్టు ఖర్చు పెట్టేసేది. తల్లి నా దగ్గరికి వచ్చి "దీనికి పొదుపు నేర్పండి" అంది. నిజంగా తప్పనిసరైతే అడగండి, ఎంత తీసుకున్నారో కాగితం మీద రాసి తేదీ వేసి ఇవ్వండి, ఆ తేదీకి తీర్చండి.

ఫోన్ ఆటల గురించి. వాటిలో డబ్బు నేరుగా కనిపించకుండా నాణేలు, వజ్రాలు అంటూ వాళ్ల సొంత లెక్క పెడతారు. ఒక వస్తువుకు 80 వజ్రాలు కావాలి, అమ్మేది మాత్రం 50, 120 కట్టలుగా. ఎప్పుడూ కొన్ని మిగులుతాయి, ఆ మిగిలినవి వాడుకోవడానికి మళ్లీ కొనాలి. పైగా లోపల ఏముందో తెలియకుండా డబ్బు పెట్టి తెరిచే పెట్టెలు. 2018లో బెల్జియం వాటిని జూదం కిందకే వస్తాయని తేల్చి చెల్లవంది. కాబట్టి ఇదంతా వాడి బలహీనత అనుకోకండి. వాడి ఎదురుగా ఉన్నది పెద్ద పెద్ద బుర్రలు కూర్చుని తయారుచేసిన వ్యవహారం. ఇదే మాట వాడికి చెప్పండి. "నువ్వు తప్పు చేస్తున్నావు" అంటే వినని పిల్లలు "నిన్ను మోసం చేస్తున్నారు, ఎలాగో చూపిస్తా రా" అంటే వింటారు. ఆ వయసులో ఎవరో తమని బోల్తా కొట్టిస్తున్నారన్న మాట అస్సలు భరించలేరు.

మీ గంట సంపాదన ఎంతో ఒక్కసారి వాడితోనే లెక్క కట్టించండి. నెల జీతం, పనిచేసిన గంటలు, అంతే. ఒక ఆట కొనుగోలు మీ ఎన్ని గంటల పనో వాడే తేల్చుకుంటాడు. ఒక్కసారే చేయించండి. ప్రతి కొనుగోలుకూ "నా నాలుగు గంటల చెమట" అనడం మొదలుపెడితే అది దెప్పిపొడుపు అవుతుంది, వాడు చెప్పడం మానేసి దాచడం మొదలుపెడతాడు.

అప్పు విషయంలో మాత్రం కాస్త గట్టిగా ఉండండి. స్నేహితుల దగ్గర, వాళ్ల అన్నల ఖాతాల మీద "ఇప్పుడు కొను, తర్వాత కట్టు" పద్ధతిలో తీసుకోవడం ఈ వయసు వాళ్లలోనూ కనిపిస్తోంది. నెలకు 3 శాతం వడ్డీ అంటే తక్కువే అనిపిస్తుంది. వడ్డీ మీద వడ్డీ పడితే ఏడాదికి 42 శాతం దాటుతుంది. కాలిక్యులేటర్ ఇచ్చి 1.03ని పన్నెండుసార్లు గుణించమనండి. నేను చెప్పే ఏ పాఠం కన్నా ఆ పన్నెండు నొక్కులు బాగా పనిచేస్తాయి.

మీ అబ్బాయి తెలివైనవాడైతే ఒక వాదన రావచ్చు. ఒక అమ్మాయి నన్ను అడిగింది, "అందరూ ఖర్చు తగ్గిస్తే మాంద్యం ఇంకా ముదురుతుంది కదా?" అని. మంచి ప్రశ్న, ఆర్థికవేత్త కీన్స్ 1936లో లేవనెత్తినదే. అందరూ ఒకేసారి బిగబట్టుకుంటే ఒకరి ఖర్చు ఇంకొకరి ఆదాయం కాబట్టి అందరికీ ఆదాయం తగ్గుతుంది. అది నిజమే. కానీ ఆ లోటు పూడ్చాల్సింది ప్రభుత్వాలు, ఆదాయం నిలకడగా ఉన్నవాళ్లు. జీతం ఆగిపోయిన ఇల్లు అప్పు చేసి దేశాన్ని నిలబెట్టనక్కర్లేదు. ఆ అమ్మాయికి ఇదే చెప్పాను, ఒప్పుకుంది.

సెలవుల్లో పని చేయడానికి ఒప్పుకోవచ్చు, కొన్ని హద్దులతో. చట్టం ఆ వయసుకు ఒప్పుకునే పనే అయుండాలి. నిద్ర, చదువు దెబ్బతినకూడదు. సంపాదించింది వాడిదే. ఇంట్లో ఇస్తానంటే వద్దనకండి, అది వాడి గౌరవం. కానీ ఫలానా ఖర్చుకని పేరు పెట్టి తీసుకోండి, నెట్ బిల్లో మరొకటో. 1930ల మహా మాంద్యంలో పెరిగిన పిల్లల మీద సామాజిక శాస్త్రవేత్త గ్లెన్ ఎల్డర్ చేసిన పని దీనికి ఆధారం. కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్‌లో 1920, 1921లలో పుట్టిన 167 మంది పిల్లల్ని పెద్దయ్యేదాకా అనుసరించిన సమాచారం అది. ఆదాయం పోయిన ఇళ్లల్లో మగపిల్లలు చిన్నా చితకా ఉద్యోగాలకు వెళ్లారు, ఆడపిల్లల మీద ఇంటి పని పడింది. ఇంటికి తాము అవసరం అన్న భావనతో పెరిగిన వాళ్లలో చాలామంది బాధ్యతగా, నిలదొక్కుకుని బతికారు. మాంద్యం వచ్చేసరికి ఇంకా పసివాళ్లుగా ఉన్న తర్వాతి తరం, ముఖ్యంగా మగపిల్లలు, వాళ్లకన్నా ఎక్కువ దెబ్బతిన్నారు.

పని దొరకకపోతే మాత్రం వాడిని ఏమీ అనకండి. మాంద్యంలో మొదట పోయేవి ఈ వయసు వాళ్లు చేసే పనులే. 2009 అక్టోబరులో అమెరికాలో నిరుద్యోగం 10 శాతం ఉంటే, 16 నుంచి 19 ఏళ్ల వాళ్లలో 27 శాతం దాకా ఉంది. 2020లో ప్రపంచమంతటా యువత ఉపాధి 8.7 శాతం పడిపోతే పెద్దవాళ్లది 3.7 శాతం పడిందని అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్క.

ఇక అమ్మాయి గురించి. మీరు సంతోషంగా రాశారు, అందుకే కాస్త నెమ్మదిగా చదవండి. ఖర్చు పెట్టే పిల్లల కన్నా, ఉన్నట్టుండి ఏదీ అడగడం మానేసిన పిల్లల గురించే నాకు ఎక్కువ దిగులు. పదమూడేళ్ల పిల్లకు అవసరాలు ఆగిపోవు. అడగడం ఆగిందంటే అవసరాన్ని తనలోనే అణుచుకుంటోందని అర్థం.

కొన్నేళ్ల కిందట ఒక కుటుంబం వచ్చింది. వాళ్ల ఫిర్యాదు కూడా పెద్ద కొడుకు గురించే. పక్కన కూర్చున్న చెల్లెలు స్కూలు బూట్ల మడమ భాగం లోపలికి మడతపెట్టి, దాని మీదే కాలు వేసుకుని నడుస్తోంది. వెళ్లేటప్పుడు గమనించాను. మెల్లగా అడిగితే, "బాగానే ఉన్నాయండీ, ఇలా అయితే పడుతున్నాయి" అంది. ఎనిమిది నెలలుగా ఆ బూట్లు పట్టడం లేదు. తల్లికి తెలియదు. మాట్లాడగా మాట్లాడగా మిగతావి బయటపడ్డాయి. బోర్డు మీద అక్షరాలు మసకగా కనిపిస్తున్నా కళ్లద్దాల ఖర్చని చెప్పలేదు. నెలసరికి కావాల్సినవి అడగలేక ఉన్నవే ఎక్కువసేపు వాడుకుంది. స్కూల్లో ఒక పోటీకి ఎంపికైతే ఫీజు ఉంటుందని తానే పేరు తీయించుకుంది. ఇంట్లో అందరూ "ఇది బుద్ధిమంతురాలు" అని మెచ్చుకుంటున్నారు. మెచ్చుకున్న కొద్దీ ఆ పిల్ల ఇంకాస్త తగ్గించుకుంటోంది.

కాబట్టి అన్నకు లెక్క చూపించే రోజే తనకూ చూపించండి, కానీ చెప్పాల్సింది వేరు. "ఇదిగో, నీ అవసరాలకు పక్కన పెట్టిన డబ్బు. ఇది ఉంది. ఇది నీకోసమే." ఆ పద్దు తన కళ్లతో చూడాలి. తనకు కూడా చేతి డబ్బు ఇవ్వండి, ఖర్చు పెట్టకుండా మొత్తం దాచేస్తే పొగడకండి. నేనైతే ఇలాంటి పిల్లలకు నెలకు ఒకటైనా తమకిష్టమైనది కొనుక్కు రమ్మని చెప్తాను. కళ్లు, పళ్లు, బూట్లు, లోపలి బట్టలు, నెలసరి సామాన్లు, ఇవి తనను అడగకుండా మీరే చూడండి. "ఏమైనా కావాలా?" అంటే తను "వద్దమ్మా" అనే అంటుంది.

డబ్బు భయం పట్టుకుంటే ఎన్నాళ్లుంటుందో కూడా తెలిసిన సంగతే. ఆర్థికవేత్తలు ఉల్రికె మాల్మెండియర్, స్టెఫాన్ నాగెల్ 2011లో వెలువరించిన పరిశోధనలో, జీవితంలో షేర్ మార్కెట్ పతనాలు ఎక్కువగా చూసినవాళ్లు ఏళ్లు గడిచాక కూడా డబ్బు విషయంలో రిస్క్ తీసుకోవడానికి వెనకాడుతున్నారని తేలింది. ముప్పై ఐదేళ్లకు మంచి జీతం తెచ్చుకుంటూ కూడా డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి చేయి రాని వాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. మాట్లాడుతుంటే ఎక్కడో ఒకచోట పన్నెండో పదమూడో ఏడు వస్తుంది.

భోజనం తగ్గించడం, నిద్ర పట్టకపోవడం, స్నేహితులకు దూరంగా ఉండటం, "నేను లేకపోతే మీకు ఖర్చు తగ్గేది" లాంటి మాట, వీటిలో ఏది కనిపించినా దాన్ని పొదుపుగా లెక్కేయకండి. వెంటనే డాక్టర్‌కో, పిల్లల కౌన్సెలర్‌కో చూపించండి. ఆ చివరి మాట తమాషాకి అన్నట్టు అన్నా సరే, ఆలస్యం చేయకండి.

మీరు రాయలేదు గానీ, ఇంకో అడ్డంకి ఉంటుందని ఊహిస్తున్నాను. మీవారు పిల్లలకు చెప్పడానికి ఒప్పుకోకపోవచ్చు. ఉద్యోగం పోయిన మగవాళ్లలో చాలామందికి పిల్లల ముందు ఆ మాట అనడమే అన్నిటికన్నా కష్టం. ఆయన్ని బలవంతపెట్టకండి, ఆయనకు తెలియకుండా మీరు చెప్పకండి కూడా. ముందు మీరిద్దరే కూర్చుని, పిల్లలకు చూపించబోయే పేజీ ఆయన చేతే రాయించండి. వచ్చేది, పోయేది, మిగిలేది, మూడు వరుసలు. రాసినవాళ్లకు చూపించడం కాస్త తేలికవుతుంది. ఒక తండ్రి అలా రాసి తెచ్చి, చదవలేక, కాగితం కొడుకు చేతిలో పెట్టి పక్కన కూర్చున్నారు. ఆ కొడుకు చదివాడు. చాలు, అలా అయినా సరిపోతుంది.

మొదటి రెండు నెలలు ఎలా గడిచాయో వీలైతే ఇక్కడే రాయండి. లెక్క ఎక్కడైనా తేడా వస్తే చూసి చెప్తాను. అమ్మాయి బూట్లు మాత్రం ఈ రాత్రే ఒకసారి చూడండి.